గోడలో గడ్డాలు

ఈ ఇంటికి ఉన్నది ఒకటే స్నానాలగది.
దాన్నే పగలగొట్టాం, మార్చిలో మొదటి శనివారం.
బయట డులూత్ అంతా మంచు,
సుపీరియర్ సరస్సు ఒడ్డు దాకా గడ్డకట్టి ఉంది.

మొత్తం పద్నాలుగు వందల డాలర్లు.
కరెంటు బిల్లు వచ్చిన కవరు వెనక పెన్సిలుతో లెక్క:
టైల్స్‌కింత, సిమెంటు పలకలకింత,
కమోడ్ పాతదే, మూత మాత్రం కొత్తది.
ప్లంబర్ అన్న మాట కొట్టేసి
పక్కన కర్టిస్ అని రాశాను.
పద్దెనిమిదేళ్లుగా స్కూలు బస్సు నడుపుతున్నాడు మా ఆయన,
ఎదురుదిక్కుకు తిప్పితే బిగుసుకునే మరలుంటాయని
ఆ రోజే తెలిసింది అతనికి.
నీళ్లు పైకప్పు దాకా లేచాయి.
ఇల్లు కట్టి చూడమన్నవాళ్లు
ఉన్న ఇల్లు పగలగొట్టి చూడమనలేదు, ఎందుకో.

బేసిన్ మీద అద్దాల అలమర,
దాని వెనక రేకులో నాణెం దూరేంత సన్నని చీలిక.
ఎందుకో ఎప్పుడూ అడగలేదు మేం.
రెండో సుత్తి దెబ్బకి చెప్పింది గోడే:
బ్లేడ్లు.
ముందు నాలుగు, తర్వాత దోసెడు,
తర్వాత ఆగకుండా,
తుప్పు పట్టిన చేప పొలుసుల్లా
కర్టిస్ బూట్ల చుట్టూ.

తోలు తొడుగులు వేసుకుని, వద్దన్నా వినకుండా
మా ఓడెట్ లెక్కపెట్టింది.
వెయ్యిన్నూట అరవై ఒకటి.
వారానికొకటి అనుకుంటే ఇరవై రెండేళ్ల పైచిలుకు గడ్డం
మేం పళ్లు తోముకున్న గోడలో.

స్నానాలు పక్కింట్లో, ఐలీ కంగాస్ గారింట్లో.
ఎనభై మూడేళ్ల మనిషి. తలుపుకి గడియ వేయదు.
సబ్బుపెట్టె, తువ్వాలు పట్టుకుని
రాత్రి వార్తలయ్యాక వరసగా వెళ్లేవాళ్లం
సత్రానికి వెళ్లినట్టు.
తిరిగొచ్చే ఇరవై అడుగుల్లో
ఓడెట్ తడిజుట్టు పుల్లల్లా బిగిసేది,
విరుస్తానంటూ నవ్వేది.

ఒక రాత్రి బ్లేడొకటి చూపించాను.
అద్దాలు సర్దుకోకుండానే "హాల్వర్‌ది" అంది.
ఓడల్లోకి ఇనుపరాయి ఎత్తేవాడట.
పెళ్లి లేదు. మాటలు తక్కువ.
ఇంటికి ఎవరూ వచ్చేవాళ్లు కారట.
"ఇక్కడ తెగేది, ఎప్పుడూ,"
ఎడమ చెవి కింద, తన దవడ మీదే, వేలు పెట్టింది.
"కాయితం ముక్క అంటించుకుని మరిచిపోయేవాడు.
మధ్యాహ్నం దాకా అలాగే."
మీకెలా తెలుసు అని కర్టిస్ నోరు తెరిచాడు.
నేను అతని కాలు తొక్కాను.
ఐలీ పొయ్యి దగ్గరికి వెళ్లి
కాగని కాఫీని చాలాసేపు చూసింది.

తర్వాత పనే పని.
పాత సామాన్ల కొట్లో తెల్ల టైల్స్ పదకొండు తక్కువయ్యాయి,
లేతాకుపచ్చవి దొరికాయి, తీసుకున్నాం.
గోడ నిటారుగా లేదు, నేల సమంగా లేదు,
అరువు తెచ్చిన మట్టపుగొట్టంలో బుడగ
ఏ మాటా ఒప్పుకోని మేనత్తలా పక్కకే జరిగేది.
కవరు మీద చోటు చాలక
ఇంకో బిల్లు రావాలని ఎదురుచూశాం.
పదహారు వందల ఎనభై మూడు.
గ్లాసు తలుపు కొట్టేశాం. తెర చాలు.

గోడ మూసే ముందు రోజు
ఐలీ యాలకుల రొట్టె తెచ్చింది.
మేం కత్తి కోసం వంటింట్లోకి వెళ్లాం,
ఆమె ఒక్కతే కాసేపు
ఆ బోసి కర్రల మధ్య నిలబడింది.

సాయంత్రం బ్లేడ్లని డబ్బాలో పోసి
టేపు చుట్టబోతుంటే ఓడెట్ మళ్లీ లెక్కపెట్టింది,
మొండిది.
వెయ్యిన్నూట అరవై.
"మొదటిసారి తప్పావు" అన్నాడు కర్టిస్.
"నేను తప్పను" అంది అది.
నేను టేపు కొస వెతుక్కున్నాను.

ఏప్రిల్ ఆఖర్లో వేడినీళ్లొచ్చాయి.
తలుపు ఇప్పటికీ పూర్తిగా పడదు,
లోపలున్నవాళ్లు పాడాలి, అదే గడియ.
కిటికీ పక్కన ఆకుపచ్చ టైలొకటి వంకర.
ఎవరికీ కనపడదులే అనుకున్నాం.
కమోడ్ మీద కూర్చుంటే
సరిగ్గా కళ్లకెదురుగా ఉంటుంది.